రెండు రోజుల్లో షికాగో: శుక్రవారం రాత్రి దిగి ఆదివారం సాయంత్రం బయలుదేరేవారికి

అమెరికాలో చదువుకుంటున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు, తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చినప్పుడు వారిని ఎక్కడికైనా తీసుకువెళ్ళాలనుకునేవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ శని ఆదివారాలు షికాగో వెళ్తున్నాం, ఏమేం చూడమంటారు?" ప్రశ్నతోపాటు ఒక జాబితా కూడా పంపుతారు. అందులో పదిహేను ఇరవై చోట్లు ఉంటాయి.

అవన్నీ మంచి చోట్లే. కాని ఆ జాబితా పట్టుకుని వెళ్ళినవారు ఆదివారం రాత్రి కాళ్ళు పీకుతూ ఇంటికి చేరతారు. ఏం చూశారని అడిగితే ఫోనులో ఫోటోలు వెతికి చెప్పవలసి వస్తుంది. అలా జరిగిన ప్రతిసారీ నాకు బాధ వేస్తుంది, ఎందుకంటే షికాగో రెండు రోజుల్లో తీరికగా చూడదగిన నగరం. ముఖ్యమైనవాటిలో చాలా భాగం మిషిగన్ సరస్సు ఒడ్డున మూడు నాలుగు మైళ్ళ లోపలే ఉన్నాయి. విమానాశ్రయం నుంచి నడిబొడ్డుకు నేరుగా రైలుంది. కొన్ని గొప్ప చోట్లకు టికెట్టే లేదు. చేయవలసిందల్లా చోట్లను లెక్కపెట్టడం మాని పూటలను లెక్కపెట్టుకోవడం.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

విమానానికి చెల్లే గుర్తింపు పత్రం. దేశంలోపలి విమానాలకు కూడా 2025 మే 7 నుంచి రియల్ ఐడీ అనే కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ప్రమాణాలకు సరిపోయే లైసెన్సు కావాలి. అది లేకపోతే భారతీయ పాస్‌పోర్ట్ సరిపోతుంది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు అదే ఆధారం కాబట్టి వారి పాస్‌పోర్ట్‌తోపాటు ఐ-94 కాగితం (అమెరికాలోకి వచ్చినట్లు చూపే రికార్డు) కూడా ఉంచండి.

తాకిస్తే చెల్లింపు జరిగే బ్యాంకు కార్డు లేదా ఫోను. షికాగో రైళ్ళకు, బస్సులకు అదే టికెట్. వెంట్రా అనే ప్రజారవాణా యాప్ కూడా ముందే పెట్టుకుంటే పాస్ కొనడం సులువు.

అలవాటైన బూట్లు. కొత్త బూట్లు వద్దు. రోజుకు ఐదారు మైళ్ళ నడక తెలియకుండానే అయిపోతుంది.

గాలిని ఆపే పల్చని కోటు. మే నెలలో కూడా కావాలి. ఊరంతా ఎండగా ఉన్నా సరస్సు ఒడ్డున చలిగా ఉండడం వసంతంలో మామూలే.

ఫోను బ్యాటరీ బ్యాంకు. ఒక కాగితం, ఒక పెన్ను. కాగితం ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

1. ఏ వారాంతమో ఎంచుకోండి

మే చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా మంచి కాలం. నాకు అన్నింటికన్నా నచ్చేది సెప్టెంబరు. నీళ్ళు, గాలి ఇంకా వెచ్చగానే ఉంటాయి, బడులు తెరవడం వల్ల రద్దీ తగ్గుతుంది. జనవరిలో పగటి వేడిమి కూడా సున్నా డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో అప్పుడు వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను.

తేదీ అనుకున్నాక విమానం టికెట్ కొనకండి. ముందు ఆ రెండు రాత్రుల హోటల్ ధరలు చూడండి. పక్క వారాంతంతో పోల్చినప్పుడు రెట్టింపు కనిపిస్తే, ఊళ్ళో ఏదో పెద్ద కార్యక్రమం ఉందని అర్థం. జూలై చివర, ఆగస్టు మొదట గ్రాంట్ పార్కులో లొల్లాపలూజా సంగీతోత్సవం, ఆగస్టులో వైమానిక విన్యాసాల ప్రదర్శన, అక్టోబరులో మారథాన్ ఉంటాయి. మార్చిలో సెయింట్ పాట్రిక్ పండుగకు నదిని ఆకుపచ్చగా మార్చే శనివారం కూడా అంతే. వాటిని చూడడానికే వెళ్ళేవారి సంగతి వేరు. ఊరు చూడాలనుకునేవారు ఆ తేదీలను తప్పించండి, ఎందుకంటే ధరలు పెరగడమే కాదు, దారులు కూడా మూసేస్తారు.

2. పూటలు లెక్కపెట్టండి

శుక్రవారం రాత్రి విమానం దిగి హోటల్ చేరేసరికి పదవుతుంది. ఆ పూట లెక్కలోకి రాదు. శనివారం ఉదయం, మధ్యాహ్నం, రాత్రి కలిపి మూడు పూటలు. ఆదివారం ఉదయం ఒకటి. ఆదివారం మధ్యాహ్నం విమానాన్ని బట్టి సగం పూట. మొత్తం నాలుగున్నర. మీ చేతిలో ఉన్నది ఇంతే.

నియమం ఒకటే: పూటకు ఒకే టికెట్. డబ్బు కట్టి, సమయానికి చేరవలసిన చోటు పూటకు ఒకటికి మించకూడదు. మిగతా సమయాన్ని టికెట్ లేని చోట్లు, నడక, తిండి, కూర్చోవడం నింపుతాయి. రెండు టికెట్లు ఒకే పూటలో పెట్టినవారు మొదటిదాన్ని గడియారం చూస్తూ చూస్తారు, రెండోదానికి పరుగెత్తుతారు.

షికాగో మధ్య అమెరికా కాలమానంలో ఉంది. న్యూజెర్సీ, అట్లాంటా, డెట్రాయిట్ వైపు నుంచి వచ్చేవారికి వచ్చేటప్పుడు ఒక గంట కలిసివస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు ఆ గంట పోతుంది. సోమవారం ఉదయం పని ఉన్నవారు ఆదివారం రాత్రి ఎనిమిది గంటల విమానం కొనేముందు ఈ లెక్క చూసుకోండి.

3. కాగితం మీద నగరాన్ని గీయండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. ఫోనులో పటం ఉంది కదా అనుకుంటారు. కాని షికాగో వీధుల లెక్క ఒకసారి పట్టుబడితే ఫోను తీయకుండానే తిరగవచ్చు. పది నిమిషాలు వెచ్చించండి.

కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీసి స్టేట్ స్ట్రీట్ అని రాయండి. అడ్డంగా ఒకటి గీసి మ్యాడిసన్ స్ట్రీట్ అని రాయండి. ఆ రెండూ కలిసే చోటు సున్నా. ఊళ్ళోని ఇంటి నంబర్లన్నీ అక్కడి నుంచే నాలుగు వైపులా పెరుగుతాయి. ఉత్తరానికి ప్రతి 800 నంబర్లకు ఒక మైలు. తూర్పున సరస్సు. ఎక్కడున్నా సరస్సు ఎటు ఉందో తెలిస్తే తూర్పు తెలిసినట్లే.

ఇప్పుడు చూడండి. 875 నార్త్ మిషిగన్ అవెన్యూ అంటే సున్నా నుంచి ఉత్తరంగా ఒక మైలు దాటిన చోటు. ఒకప్పుడు జాన్ హ్యాన్‌కాక్ సెంటర్ అని పిలిచిన ఆకాశహర్మ్యం అక్కడుంది. దాని ఇప్పటి పేరే ఆ చిరునామా. భారతీయ దుకాణాలుండే డెవాన్ అవెన్యూ 6400 నార్త్. అంటే ఎనిమిది మైళ్ళు. "డెవాన్ వీధి పక్కనే కదా, భోజనానికి వెళ్ళొస్తాం" అనేవారికి ఆ నంబరే జవాబు చెబుతుంది.

హెచ్చరిక: చిరునామాలో నార్త్, సౌత్ అన్న మాటను వదలకండి. 111 సౌత్ మిషిగన్‌లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళల మ్యూజియం ఉంది. అక్కడికి వెళ్ళవలసినవారు 111 నార్త్ అని టైపు చేస్తే రెండు మూడు వీధులు నడిస్తే సరిపోతుంది. 875 దగ్గర అదే పొరపాటు చేస్తే మాత్రం సుమారు రెండు మైళ్ళ దూరంలో తేలతారు.

మీ జాబితాలోని చోట్లను ఈ కాగితం మీద చుక్కలుగా పెట్టండి. దగ్గర దగ్గరగా పడిన చుక్కలు ఒక పూటకు. ఒంటరిగా దూరంగా ఉన్న చుక్కను ఈసారికి కొట్టేయండి.

4. బస ఎక్కడ

లూప్ అని పిలిచే నడిబొడ్డు, లేదా నదికి ఉత్తరాన ఉన్న రివర్ నార్త్. ఈ రెండింటిలో ఎక్కడైనా మంచిదే. లూప్ వారాంతపు రాత్రుల్లో కొంచెం నిశ్శబ్దంగా ఉంటుంది, రైళ్ళు చాలావరకు అక్కడే కలుస్తాయి. రివర్ నార్త్‌లో రాత్రి సందడి, తినే చోట్లు ఎక్కువ.

నేను మా అమ్మానాన్నలను మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు విమానాశ్రయం దగ్గర ఒక హోటల్ తీసుకున్నాను. రాత్రికి డెబ్భై డాలర్లు మిగిలాయని సంతోషించాను. రెండు రోజులూ ఉదయం గంట, రాత్రి గంట రైల్లోనే పోయాయి. మధ్యాహ్నం నాన్న అలసిపోతే కాసేపు నడుం వాల్చడానికి చోటు లేకపోయింది. నడిబొడ్డులో గది ఉంటే మధ్యాహ్నం ఒక గంట పడుకుని లేచి మళ్ళీ బయటికి రావచ్చు. పెద్దవాళ్ళకు ఆ గంట ఎంత అవసరమో ఆరోజే తెలిసింది.

కనిపించిన ధరను నమ్మకండి. హోటల్ పన్నులు 17 శాతానికి పైనే ఉంటాయి. దాని మీద డెస్టినేషన్ ఫీజు పేరుతో రోజుకు కొంత వేసే హోటళ్ళున్నాయి. డబ్బు కట్టేముందు కనిపించే చివరి మొత్తాన్నే పోల్చండి.

5. ఎలా చేరాలి

ఓహేర్ విమానాశ్రయం నుంచి బ్లూ లైన్ రైలు. రాత్రంతా నడుస్తుంది. లూప్ చేరడానికి సుమారు 45 నిమిషాలు. మిడ్‌వే విమానాశ్రయం నుంచి ఆరెంజ్ లైన్, అరగంట లోపే. ఆరెంజ్ లైన్ రాత్రంతా నడవదు, కాబట్టి అర్ధరాత్రి దాటి దిగేవారు ముందే సమయాలు చూసుకోండి.

పెట్టెలు ఉన్నవారికి ఒక చిన్న సంగతి. లూప్‌లో బ్లూ లైన్ ఆగే స్టేషన్లన్నింటికీ లిఫ్టులు లేవు. క్లార్క్-లేక్, జాక్సన్ స్టేషన్లకు ఉన్నాయి. మోన్రో, వాషింగ్టన్ స్టేషన్లలో మెట్లెక్కాలి. మీ హోటల్ మోన్రోకు దగ్గరైనా, పెద్ద పెట్టెతో ఉంటే జాక్సన్‌లో దిగి రెండు వీధులు నడవడం మేలు.

ఈ రైళ్ళను అందరూ ఎల్ అంటారు. లూప్‌లో కొన్ని లైన్లు వీధుల మీద ఇనుప స్తంభాలపై నడుస్తాయి, రెడ్, బ్లూ లైన్లు మాత్రం భూమి లోపల. ఇక్కడ నేను తిన్న దెబ్బ చెప్పాలి. షికాగో అనే పేరుతోనే మూడు స్టేషన్లున్నాయి: రెడ్ లైన్ మీద ఒకటి, బ్రౌన్ లైన్ మీద ఒకటి, బ్లూ లైన్ మీద ఒకటి. షికాగో అవెన్యూ అనే వీధిని ఆ మూడు లైన్లూ మూడు వేర్వేరు చోట్ల దాటుతాయి కాబట్టి ఆ పేరు. స్నేహితుడు "షికాగో స్టేషన్ దగ్గర నిలబడతాను" అంటే నేను బ్లూ లైన్‌లో దిగాను, అతను రెడ్ లైన్ దగ్గర ఎదురుచూశాడు. వెస్టర్న్ అనే పేరుతో అయితే ఒక్క బ్లూ లైన్ మీదే రెండు స్టేషన్లు. ఎవరినైనా కలవాలంటే స్టేషన్ పేరుతోపాటు లైను రంగు కూడా చెప్పండి.

దగ్గరి ఊళ్ళ నుంచి వచ్చేవారికి ఆమ్‌ట్రాక్ రైలు చాలా మంచిది. మిల్వాకీ నుంచి గంటన్నర. షాంపేన్, సెయింట్ లూయిస్, ఆన్ ఆర్బర్ నుంచి కూడా నేరుగా ఉన్నాయి. నడిబొడ్డులోని యూనియన్ స్టేషన్‌లో దిగుతారు.

కారులో వచ్చేవారు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఇలినాయ్ టోల్ రోడ్ల మీద నగదు తీసుకునేవారు లేరు. టోల్ ట్యాగ్ లేకపోతే 14 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో కట్టాలి, లేకపోతే జరిమానా వస్తుంది. రెండోది పార్కింగ్. హోటళ్ళు రాత్రికి 60, 70 డాలర్లు అడగవచ్చు. స్పాట్‌హీరో వంటి యాప్‌లో ముందే కొంటే చాలా తగ్గుతుంది, కాని మళ్ళీ మళ్ళీ బయటికి తీసి లోపల పెట్టే వీలుందో లేదో చదవండి, సాధారణంగా ఉండదు. కారును శుక్రవారం పెట్టి ఆదివారం తీయడమే పద్ధతి. లోపల సంచులు కనిపించేలా వదలకండి. మూడోది వ్యాకర్ డ్రైవ్. నది పక్కనున్న ఈ రోడ్డుకు పై అంతస్తు, కింది అంతస్తు ఉన్నాయి. కిందికి దిగితే ఫోనుకు ఉపగ్రహ సంకేతం అందదు, పటంలోని బాణం గాలిలో తిరుగుతుంది. వెళ్ళవలసిన చిరునామా పై అంతస్తులోదో కింది అంతస్తులోదో ముందే చూసుకోండి. దారి తప్పితే కంగారుపడి మలుపులు తిరగకండి. పైకి వెళ్ళే మొదటి దారి పట్టుకుని వెలుగులోకి వచ్చాక చూడండి.

6. ముందే కొనవలసిన టికెట్లు

నది మీద పడవ ప్రయాణం. నన్నడిగితే, డబ్బు ఒక్కదానికే ఉంటే దీనికే పెట్టమంటాను. గంటంపావు నుంచి గంటన్నర దాకా పడవలో కూర్చుంటే, మార్గదర్శి ఒక్కో భవనం ఎవరు కట్టారో, ఎందుకలా కట్టారో చెబుతూ వెళ్తారు. 1871లో పెద్ద అగ్నిప్రమాదంలో నగరం కాలిపోయి మళ్ళీ లేచిన కథ, ఊరు తాగే నీళ్ళిచ్చే సరస్సులోకి మురుగు పోకుండా 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పిన కథ ఆ నీళ్ళ మీదే వింటారు. తాగే నీటి కోసం నదిని మళ్ళించిన కథ మన వాళ్ళ మనసుకు త్వరగా పడుతుంది. మనిషికి సుమారు 50 డాలర్లు. వేసవి శనివారాలకు వారం ముందే కొనాలి. చలికాలంలో చాలా పడవలు నడవవు.

ఎత్తు నుంచి ఊరు చూడడానికి ఒక్కటి చాలు, రెండూ వద్దు. విల్లిస్ టవర్ 103వ అంతస్తులోని స్కైడెక్, లేదా 875 నార్త్ మిషిగన్ 94వ అంతస్తులోని 360 షికాగో. విల్లిస్ టవర్ 110 అంతస్తులు, 442 మీటర్లు. దాని నిర్మాణ ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. హ్యాన్‌కాక్ కట్టడానికి కూడా ఆయనే ఇంజినీరు. గాజు పెట్టెలో నిలబడి కాళ్ళ కింద వీధి చూడాలనుకునేవారికి మొదటిది. సరస్సు అంచు వంపు తిరిగి కనిపించే దృశ్యం కావాలంటే రెండోది, నాకు అదే ఇష్టం. సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు సమయానికి కొనండి, పగలూ రాత్రీ రెండూ కనిపిస్తాయి. జూలైలో సూర్యుడు ఎనిమిదిన్నర ప్రాంతంలో అస్తమిస్తాడు, డిసెంబరులో నాలుగున్నర లోపే.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ టికెట్ అక్కడికక్కడే దొరుకుతుంది, కాని ఆన్‌లైన్‌లో కొంటే వరుస తప్పుతుంది. 14 ఏళ్ళలోపు పిల్లలకు ఉచితం. చేపలు, తిమింగలాలు ఉండే షెడ్ అక్వేరియానికి మాత్రం సమయం వేసిన టికెట్ ముందే తీసుకోవాలి.

అయిదు చోట్లను కలిపి అమ్మే పాస్ చూడగానే కొనకండి. పూటకు ఒక టికెట్ నియమం ప్రకారం మీరు చూసేవి మూడు, నాలుగు. వాడని చోటుకు కట్టినది తగ్గింపు కాదు.

7. పూటల పట్టిక

ఇది వేసవికి నేను రాసిచ్చే పట్టిక. దీన్ని మార్చుకోండి, కాని పూటకు ఒక టికెట్ అన్నది మార్చకండి.

శనివారం ఉదయం ఎనిమిదింటికి మిలీనియం పార్కు. టికెట్ లేదు. ముంబయిలో పుట్టిన శిల్పి అనీశ్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ ఇక్కడే ఉంది. చిక్కుడుగింజ ఆకారం వల్ల అందరూ దాన్ని బీన్ అంటారు. అందులో ఆకాశం, భవనాలు, మీరు కలిసి కనిపిస్తారు. పదిన్నర దాటితే ఫోటోలో మీకన్నా ఇతరులే ఎక్కువగా ఉంటారు, అందుకే తొందరగా వెళ్ళండి. తరువాత వీధి దాటి షికాగో కల్చరల్ సెంటర్. 1897లో గ్రంథాలయంగా కట్టిన భవనం, ఇప్పుడూ ప్రవేశం ఉచితం. రంగుటద్దాల పెద్ద గోపురం కింద పది నిమిషాలు కూర్చోండి. శుభ్రమైన మరుగుదొడ్లు కూడా ఉన్నాయి, పెద్దవాళ్ళతో తిరిగేవారికి ఆ సంగతి చాలా అవసరం.

పదకొండుకు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తెరుస్తారు. ఆ పూట టికెట్ ఇదే. తెలుగువారు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద సర్వమత మహాసభలో మాట్లాడింది ఈ భవనంలోనే. సభలు ముగిశాక భవనం మ్యూజియం చేతికి వచ్చింది. ఎదుటి మిషిగన్ అవెన్యూ భాగానికి స్వామి వివేకానంద వే అని గౌరవ నామం ఇచ్చారు. ఆ వీధి పలక కింద నిలబడి ఫోటో తీసుకోవాలని మా నాన్న పట్టుబట్టారు, తీసుకున్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల అన్నీ చూడాలనుకోవద్దు. రెండు గదులు ఎంచుకుని రెండు గంటల్లో బయటపడండి.

శనివారం మధ్యాహ్నం భోజనం, హోటల్‌లో గంట విశ్రాంతి, నాలుగింటికి పడవ. దిగాక నది ఒడ్డు నడకదారి మీద తీరికగా నడవండి. రాత్రి 360 షికాగో. టవర్ వద్దనుకుంటే సరస్సులోకి చొచ్చుకుపోయిన నేవీ పియర్ అనే వినోద రేవు, వేసవి శనివారం రాత్రుల్లో అక్కడ బాణసంచా కాలుస్తారు.

ఆదివారం ఉదయం పిల్లలుంటే లింకన్ పార్క్ జంతుప్రదర్శనశాల. ఏడాది పొడవునా ఉచితం. పిల్లలు లేకపోతే సరస్సు ఒడ్డున నడక, బకింగ్‌హామ్ ఫౌంటెన్. చేపల పిచ్చి ఉన్న పిల్లలైతే జంతుశాల బదులు షెడ్ అక్వేరియం. విమానం రాత్రి ఏడు గంటలకైతే నాలుగింటికల్లా బ్లూ లైన్ ఎక్కాలి.

వాన కురిస్తే పడవను వదలకండి, పైకప్పు ఉన్న పడవలున్నాయి. మబ్బు పడితే మాత్రం టవర్ వదిలేయండి. తొంభయ్యో అంతస్తు మబ్బులోనే ఉంటుంది, తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. టికెట్ సమయం మార్చుకునే వీలున్నది కొనడం అందుకే మంచిది.

8. తిండి

లోతైన పళ్ళెంలో మందంగా కాల్చే డీప్ డిష్ పిజ్జా కాలడానికి నలభై నిమిషాల పైన పడుతుంది. ఆకలితో వెళ్ళి కూర్చుంటే పిల్లలు ఏడుస్తారు. చాలాచోట్ల ముందే ఫోనులో చెప్పి చేయించుకోవచ్చు. రెండు ముక్కలకే కడుపు నిండుతుంది కాబట్టి నలుగురికి మధ్యరకం సరిపోతుంది. శాకాహారులు పాలకూర పిజ్జా అడగండి.

గొడ్డుమాంసం తిననివారికి హెచ్చరిక. షికాగో పేరు మీద ప్రసిద్ధమైన హాట్ డాగ్ గొడ్డుమాంసంతోనే చేస్తారు. ఇటాలియన్ బీఫ్ సంగతి పేరులోనే ఉంది. పేరు చూడకుండా వరుసలో నిలబడకండి. ఆ దుకాణాల్లోనే జార్డినేరా అని కూరగాయలు, మిరపకాయలు నూనెలో ఊరబెట్టినది దొరుకుతుంది. ఒక సీసా ఇంటికి తెచ్చుకోదగినది.

ఇంటి తిండి తీసుకువెళ్ళేవారు పులిహోర, చపాతీలు చేతి సంచిలో పెట్టుకోవచ్చు. పెరుగు, ఆవకాయ వంటివి 100 మిల్లీలీటర్లు మించితే విమానాశ్రయ తనిఖీలో తీసేస్తారు. హోటల్‌లో మైక్రోవేవ్ ఉందా అని ముందే అడగండి.

బిల్లు చూసేటప్పుడు పన్ను, టిప్పు కలిపితే మెనూ ధరకు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కొన్నిచోట్ల సర్వీసు రుసుము బిల్లులోనే వేస్తారు. అది చూడకుండా మళ్ళీ టిప్పు రాస్తే రెండుసార్లు ఇచ్చినట్లే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

డెవాన్ అవెన్యూను, ఆలయాలను అదే రెండు రోజుల్లో ఇరికించడం మొదటిది. డెవాన్‌కు రెడ్ లైన్‌లో లొయోలా స్టేషన్ దాకా వెళ్ళి 155 నంబరు బస్సు ఎక్కాలి, వెళ్ళడానికే గంట. అరోరాలోని బాలాజీ ఆలయం, లెమాంట్‌లోని రామాలయం ఇంకా దూరంగా శివారు ఊళ్ళలో ఉన్నాయి, కారు లేకుండా కష్టం. అమ్మానాన్నలకు స్వామి దర్శనమే ముఖ్యమైతే అందులో తప్పేమీ లేదు. అప్పుడు ఆదివారం పూటంతా దానికే ఇవ్వండి, ఒక రోజుకు కారు అద్దెకు తీసుకోండి, ఊళ్ళోని ఆదివారం చోట్లను కొట్టేయండి. లెమాంట్ ఆలయ ప్రాంగణంలో వివేకానందుని విగ్రహం ఉంది. శనివారం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ చూసినవారికి ఆదివారం ఆ విగ్రహం చూడడం బాగుంటుంది.

చవక విమానం టికెట్‌లో చేతి పెట్టెకు అనుమతి ఉందో లేదో చదవకపోవడం మరొకటి. గేటు దగ్గర కట్టే రుసుము టికెట్‌లో మిగిలినదాన్ని మింగేస్తుంది.

రాత్రి పొద్దుపోయాక ఖాళీ రైలు పెట్టెలో కూర్చోవడం ఇంకొకటి. రైలు నడిపేవారు ఉండే మొదటి పెట్టెలో, జనం ఉన్నచోట కూర్చోండి. తలుపు పక్కన నిలబడి ఫోను చూడకండి.

బయలుదేరే ముందు సరిచూసుకోండి

గురువారం రాత్రి ఆ కాగితాన్ని మళ్ళీ తీయండి. శనివారం తిరిగే చుక్కలను వరుసగా ఒక గీతతో కలపండి. గీత నదిని రెండుసార్ల కన్నా ఎక్కువ దాటితే క్రమం మార్చాలి. ప్రతి పూటలో టికెట్లు లెక్కించండి, రెండు కనిపిస్తే ఒకటి రద్దు చేయండి. రెండు టికెట్ల మధ్య కనీసం రెండున్నర గంటలున్నాయా? టికెట్ల మీది తేదీ శనివారానిదేనా? తేదీ మారిపోయిన టికెట్లతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడినవారిని నేను చూశాను. హోటల్ చిరునామాలో నార్త్, సౌత్ సరిగా ఉందా?

చివరగా, మీతో వచ్చేవారిలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారికి పట్టిక చదివి వినిపించండి. "మధ్యలో ఎక్కడ కూర్చుంటాం?" అని వాళ్ళు అడిగితే, కాగితం మీద వేలు పెట్టి చోటు చూపించగలగాలి. చూపించలేకపోతే శనివారం మధ్యాహ్నం నుంచి ఇంకొకటి తీసేయండి.